వజ్రం గట్టిదే, కానీ పగలదా?

వజ్రం అంటే ‘పగలనిది’ అని అర్థం చెప్పేస్తాం. వజ్రసంకల్పం, వజ్రకాయం అని సన్మాన పత్రాల్లో తెగ వాడేస్తున్నారు. నా ఆక్షేపణ ఒక్కటే: గట్టిదనం వేరు, పగలకపోవడం వేరు. రెంటినీ ఒకే ఖాతాలో జమ చేస్తే లెక్క తప్పుతుంది.

మొదట వజ్రం ఇంద్రుడి ఆయుధం. దధీచి ఎముకతో చేశారని పురాణం. రాయికి ఆ పేరు తర్వాత వచ్చింది. మోస్ కొలబద్దపై ఆ రాయి 10, అన్నిటికంటే పైన. ఇంకే రాయితో గీసినా గీత పడదు. కానీ దాని పొర దిశ చూసి దెబ్బ వేస్తే రెండుగా చీలుతుంది. వజ్రాన్ని వజ్రంతోనే కోయాలంటాం, అంటే కోతకు లొంగుతుందనే కదా!

వరాహమిహిరుడు 6వ శతాబ్దంలో బృహత్సంహితలో వజ్రలేపం తయారీ రాశాడు. అది గుళ్ళకు, విగ్రహాలకు పట్టించే జిగురు. తమిళ వడ్రంగులు ఇప్పటికీ బంకను వజ్జిరం అంటారు. ఇక్కడ అర్థం విడిపోకపోవడం.

మన తెలుగులో ఈ తేడాలకు వేరే మాటలున్నాయి. ఉక్కు ఉంది, కన్నడంలోనూ ఉక్కే. మంచి ఉక్కు వంగి మళ్ళీ నిలబడుతుంది. ఇంకొకటి చేవ. చేగ అని కూడా అంటాం, కన్నడంలో చేగు. చెట్టు నడిమి ముదురు చెక్క అది. పై తెల్లచెక్కకు పురుగు పట్టినా చేవకు తొందరగా పట్టదు. లేత మొక్కలో చేవ ఉండదు, ఏళ్ళు గడిస్తేనే వస్తుంది.

అందుకే ‘చేవ ఉన్న మనిషి’ అనేది వజ్రసంకల్పం కంటే లోతైన మాట. మొదటిది బతికి సంపాదించుకున్న గట్టిదనం, రెండోది అరువు నగ. బ్యాంకులో బంగారం తాకట్టుకు నగ తూచినప్పుడు రాళ్ళ బరువు తీసేసేవాళ్ళం. ఎంత మెరిసినా అప్పు ఇచ్చేది బంగారానికే. భాషలోనూ అలా తూచి చూడాలి.

వజ్రం అనే మాట వద్దని కాదు. వజ్రకరూరు పొలాల్లో తొలకరి పడగానే జనం వెతికేది దాన్నే. కానీ బెంగళూరులో పుట్టిన మన పిల్లలకు వజ్ర అంటే బీఎంటీసీ ఏసీ బస్సు, చేవ అంటే ఏమీ కాదు. బస్సు పేరు ఎలాగూ రోజూ కనిపిస్తుంది. చేవ మాత్రం మనం ఇంట్లో పలికితేనే నిలుస్తుంది. కోలారు, హోసూరు, అనంతపురం వైపు మీ పెద్దలు దీన్ని ఎలా పలికేవారో గుర్తు చేసుకుని, ఈ రోజే పిల్లలతో ఒకసారి అనండి.