పైకప్పు పని

వైశాఖమున ప్రొద్దు క్రుంకిన పిమ్మట గూడ పై అంతస్తులో పంకా వేసినచో దిగునది గాలి కాదు, సెగ. పగలెల్ల ఎండకు కాగిన కాంక్రీటు శ్లాబు ఆ యుష్ణమును వెంటనే విడువక, గృహస్థుడు మేను వాల్చు వేళకు మెల్లమెల్లగా గదిలోనికి దించుచుండుటయే యిందులకు కారణము. రాయలసీమలో మట్టిమిద్దెలు కట్టిన పెద్దలు దూలములమీద చవుడుమట్టిని మందముగా పరచి యీ బాధను చాలవరకు తప్పించుకొనిరి. మనము అయిదంగుళముల శ్లాబు పోసి, దానిపై నీళ్ల ట్యాంకు నిలిపి, ఇల్లు పూర్తియైనదనుకొనుచున్నాము. సింహద్వారమునకు వాస్తు చూపించువారనేకులు గాని, నిత్యము సూర్యునికి ఎదురొడ్డు కప్పును గూర్చి యోచించువారరుదు.

తెలంగాణ ప్రభుత్వము 2023లో కూల్ రూఫ్, అనగా ఎండను వెనుకకు మరల్చు పైకప్పుల విధానమును ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పును ఆ రీతికి మార్పవలెనని సంకల్పించినది. సంకల్పము ప్రభుత్వమువారిదైనను, మన డాబామీద దానిని నెరవేర్పవలసినవాడు మేస్త్రీ. అతనిని ఎన్నుకొనుటయే కష్టము. ఒక కాంట్రాక్టరు ఇల్లు చూడకయే, ఫోనులో చదరపు అడుగుల లెక్క అడిగి, ధర చెప్పి, సగము అడ్వాన్సు కోరెను. వేరొకడు మిట్టమధ్యాహ్నము డాబా యెక్కి, బకెట్టు నీళ్లు కుమ్మరించి, అవి తూముదారి పట్టునో, నడుమ నిలుచునో చూచి, పిట్టగోడ మొదట పగుళ్లను తడిమి, "ముందు చెమ్మ సంగతి చూడకుండా పైన ఏం పరిచినా దండగేనండీ" అనెను. ఆ మాటతోనే పని అతనిదైనది.

వేడి నాపుటకు కప్పుపై పరచు థర్మోకోలు వంటి పలకలు కాంక్రీటుకంటె సుమారు 40 రెట్లు తక్కువగా వేడిని సాగనిచ్చును. ఆ గుణము వాటి గర్భమున చిక్కుకొన్న గాలివలన కలిగినది. నీరు చొచ్చినచో క్షీణించును. కావున మొదట వాటర్‌ప్రూఫింగు చేయించి, ఒకటి రెండు దినములు నీరు నిలిపి పరీక్షించి, ఆపై పలకలు పరచి, వాటిమీద వాటముగా గచ్చు పోసి, కట్టకడపట తెల్లని టైల్సు వేయవలెను. గదిలోపల ఫాల్స్ సీలింగు చాలునని కొందరందురు. అప్పుడు శ్లాబు మాత్రము ఎప్పటివలెనే కాగుచుండును.

ఇందులో అసలు చిక్కేమనగా, టైల్సు పరచిన పిమ్మట అడుగున నేమున్నదో ఎవరికిని కానరాదు. రెండంగుళముల పలకకు బదులు అంగుళము పలక వేసినను, ఆ సంగతి మరుసటి వేసవికి గాని బయటపడదు. అప్పటికిని రుజువు చేయలేము. కావుననే ఒప్పందపు కాగితముమీద ధరకంటె ముందు పలక మందము వ్రాయించితిని. ఒక్కొక్క పొరను కప్పుటకు పూర్వము నన్ను పైకి పిలువవలెనని షరతు పెట్టితిని. మేస్త్రీ దీనికి ఒప్పుకొనెను గాని, తొలివాన కురిసి కారుట లేదని తేలువరకు సొమ్ములో నాల్గవ వంతు ఆపెదనన్నప్పుడు, "వానల దాకా ఆపితే కూలోళ్లకి నేనేం పెట్టాలండీ?" అని నిలదీసెను. న్యాయమైన ప్రశ్న. పదవ వంతు ఆపుకొని తక్కినది పని ముగిసిన నాడే చెల్లించితిని.

ఇంత వ్యయము అందరికిని అవసరము లేదు. రేకుల యింటివారును, అద్దెకున్నవారును చిక్కని తెల్లసున్నము పూసికొన్నచో ఎండలో అధికభాగము వెనుకకు మరలును. దుమ్ము పట్టి మాసిపోవును గనుక ఏటేట పూయవలెను, అంతియే. మా మెట్లగది కప్పుకు నేనట్లే చేయుదును. దానికి కాంట్రాక్టరుతో పనిలేదు, కుంచెయు, ఒక ఉదయమును చాలును.