ప్రభ నిలిచింది, ఫొటో పడిపోయింది

కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లి ప్రభ ఫొటో తీయకుండా తిరిగొచ్చిన కెమెరా ఉండదు. ఆ ఫొటోను ఫొటోగ్రఫీ పోటీకి పంపి భంగపడని వాళ్లూ తక్కువే. నాదీ అదే కథ. శివరాత్రి అర్ధరాత్రి, దుమ్ము, మైకుల హోరు, మెడ పట్టేసేంత ఎత్తున కట్టిన, కరెంటు దీపాలతో వెలుగుతున్న ప్రభ. ఇంటికొచ్చి చూసుకుని మురిసిపోయి పంపాను. ముగ్గురు న్యాయనిర్ణేతల మార్కులు చూశాక కోపమొచ్చింది. వారం పోయాక అదే ఫొటో మళ్లీ తెరిస్తే సిగ్గేసింది.

దీపాల మీదే చూపు పెట్టి కింద జనాన్ని కోసేశాను. పక్కన మనిషి లేకపోతే ఆ ప్రభ ఎనభై అడుగులదో ఎనిమిది అడుగులదో చూసేవాడికి ఎలా తెలుస్తుంది? పైగా బల్బులన్నీ తెల్లటి ముద్దలైపోయాయి. చుట్టూ చీకటి ఎక్కువగా ఉంటే కెమెరా తనంతట తానే వెలుగు పెంచేస్తుంది. దీపాలను చూసుకుని ఎక్స్‌పోజర్ ఒకటి రెండు స్టాపులు మనమే తగ్గించుకోవాలి. షట్టరు సెకనులో వెయ్యో వంతు పెట్టడం మరో తెలివితక్కువ పని. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి చాలా దీపాలు సెకనుకు వందసార్లు మిణుకుమంటాయి. కంటికి ఆనని ఆ మిణుకు వేగమైన షట్టరుకు చారలుగా దొరికిపోతుంది. యాభయ్యో వంతుకు దించితే ఆ బెడద చాలావరకు పోతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, అసలు లోపం మరో ఎత్తు. ఆ రాత్రి నా చెవుల్లో డప్పులు మోగుతున్నాయి, జ్యూరీ చెవుల్లో లేవు. నేను తిరునాళ్లను గుర్తుచేసుకుంటూ ఫొటో చూశాను. వాళ్లు ఫొటో ఒక్కటే చూశారు, అదీ కొన్ని క్షణాలు. అందుకే తీసిన వెంటనే పంపకూడదంటాను. నెలరోజులు పక్కన పెడితే డప్పులు ఆగిపోతాయి.

మిరప కళ్లాలదీ ఇలాంటి మోసమే. ఎండబోసిన కాయల మధ్య కూలీలు, నేలంతా ఎరుపు. కెమెరా తెరమీద హిస్టోగ్రామ్ బాగానే ఉందనిపిస్తుంది గానీ ఎరుపు రంగు ఒక్కటే హద్దు దాటిపోయి ఉంటుంది. కాయ మీది ముడతలు పోయి ఎర్ర సిరా ఒలికినట్టుంటుంది. రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా చూసుకోవాలి. కంప్యూటర్లో ఎరుపు ఇంకా పెంచే అలవాటు మానుకోవాలి.

తీయడం వచ్చినా నిబంధనలు చదవక ఓడిపోయేవాళ్లు మరో రకం. మాచర్ల వైపు చంద్రవంక మీద ఉన్న ఎత్తిపోతల, సుమారు 70 అడుగుల జలపాతం. దాని ఫొటో నేచర్ విభాగానికి పంపితే ఒక మూల వ్యూ పాయింట్ రెయిలింగు కనిపించిందని తీసేస్తారు. సరేనని రెయిలింగును సాఫ్ట్‌వేర్‌తో చెరిపి పంపామా, అది ఇంకా పెద్ద తప్పు. అంతర్జాతీయ పోటీల్లో నేచర్ ఫొటోలోంచి ఏదీ తొలగించకూడదు, చేర్చకూడదు. క్రాప్ చేసుకోవచ్చు, లేదంటే తీసేటప్పుడే రెండడుగులు పక్కకు జరగాలి. అక్కడి మొసళ్ల పెంపక కేంద్రంలో తీసిన మొసలి ఎంత భీకరంగా నోరు తెరిచినా వైల్డ్‌లైఫ్ విభాగానికి పనికిరాదు.

ఈ పట్టింపు చాదస్తం కాదు. వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో 2009లో స్పెయిన్‌కు చెందిన హోసే లూయిస్ రోద్రిగెజ్ తీసిన, గేటు దూకుతున్న తోడేలు ఫొటో గెలిచింది. అది మచ్చిక చేసిన తోడేలై ఉంటుందని తేల్చి 2010 జనవరిలో బహుమతి రద్దు చేశారు, ఆయన కాదన్నా సరే.

కార్తీక అమావాస్యకు కారెంపూడిలో మొదలయ్యే పల్నాటి వీరుల ఉత్సవాల్లో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు. వీరుల ఆయుధం పట్టిన ఆచారవంతుణ్ణి ఒక ఫొటోల కుర్రాడు “ఇంకోసారి ఎత్తు బాబాయ్” అని అడగ్గా విన్నాను. ఆయన ఎత్తాడు, పాపం. అడిగి చేయించిన భంగిమ కాబట్టి ట్రావెల్ విభాగం నిబంధనల ప్రకారం ఆ ఫొటో అక్కడే చెల్లకుండా పోయింది. కావలసిన క్షణం దాటిపోతే మరుసటి రోజుదాకా, మరుసటి ఏడాదిదాకా ఆగడమే.

వెనక్కొచ్చిన ఫొటోలను చెరిపేయకండి. మార్కులతో సహా ఒక ఫోల్డర్లో దాచండి, ఒరిజినల్ రా ఫైలు పారేయకండి. ఈసారి కోటప్పకొండకు వెళితే మాత్రం ప్రభ కింద మోకులు పట్టుకున్న మనుషులను ఫ్రేములోంచి వదిలేసి రాకండి.