చిత్రం వెనుక ఆదోని పేరు

ఒక పెద్ద మ్యూజియంలో ప్రదర్శనల విభాగాన్ని నడిపే వ్యక్తి పని ఏమిటని అడిగితే, వస్తువులను సేకరించి అద్దాల వెనుక అమర్చడమేనని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం అది అనువాదకుని పనికి దగ్గరగా కనిపిస్తుంది. ఏ మాటను ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో నిర్ణయించేవాడే అర్థాన్ని కూడా నిర్ణయిస్తాడు. ప్రదర్శనకు పేరు పెట్టడం, కాలానికి హద్దులు గీయడం, వస్తువు పక్కన నాలుగు పంక్తులు రాయడం: ఈ మూడూ చేసే వ్యక్తి చేతిలో మన చరిత్ర కొంత ఉన్నదని పాఠకులు గమనించాలి.

2015 ఏప్రిల్ 20 నుంచి జూలై 26 వరకు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో దక్కను సుల్తానుల కళపై ఒక గొప్ప ప్రదర్శన జరిగింది. 'సుల్తాన్స్ ఆఫ్ డెక్కన్ ఇండియా 1500–1700: ఆప్యులెన్స్ అండ్ ఫాంటసీ' అని దానికి పేరు. దానిని రూపొందించినవారు నవీనా నజాత్ హైదర్, మారికా సర్దార్ గార్లు. నేను న్యూయార్క్ వెళ్లి చూసినవాణ్ణి కాను. గ్రంథరూపంలో వచ్చిన దాని కేటలాగును చదివినవాణ్ణి. బిజాపూరు, గోల్కొండ, అహమ్మద్‌నగరు, బీదరుల నుంచి చెదిరిపోయిన చిత్రాలు, బిద్రీ పాత్రలు, కలంకారీ వస్త్రాలు, వజ్రాలు ఒక చోటికి చేరాయి. మొగలుల నీడలో మరుగున పడిన దక్కనుకు స్వతంత్రమైన స్థానం ఇచ్చిన పని అది. ఆ శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

నా తగవు పేరుతోనే. 'ఆప్యులెన్స్' అంటే వైభవం, ఇబ్బంది లేదు. 'ఫాంటసీ'ని తెలుగులోకి ఎలా తేవాలి? ఊహాలోకం అంటామా, స్వప్నం అంటామా? ఏది పెట్టినా దక్కను ఒక కలగా మారిపోతుంది. గులాబీ రంగు కొండలూ, ఊదారంగు ఆకాశమూ గీసిన చిత్రకారులున్న మాట నిజమే. కాని ఆ చిత్రాలను దాచిన కోటలు కలలు కావు. వాటిలో ఒకటి మా ఆదోని.

మెట్రోపాలిటన్ మ్యూజియం 1982లో సంపాదించిన ఒక చిత్రం ఉన్నది. కమాల్ ముహమ్మద్, చాంద్ ముహమ్మద్ అనే ఇద్దరు దాదాపు 1680లో గీసినది. ఆదిల్‌షాహీ వంశపు సుల్తానులందరూ, ఎన్నో తరాలు వేరైనవారు, ఒకే సభలో కూర్చుని ఉంటారు. చివరివాడు సికందర్, ఇంకా పిల్లవాడు. చూడగానే వైభవమే. కాని అప్పుడు బిజాపూరులో ఆ బాలుని పేరిట రాజ్యం నడుపుతున్నవాడు సిద్దీ మసూద్ ఖాన్, హబ్షీ సర్దారు. 1683లో ఆ పదవి వదిలి తన ఆదోనికి వచ్చేశాడు. 1686లో బిజాపూరు పడిపోయింది. 1688లో ఔరంగజేబు సైన్యం ఆదోనిని ముట్టడించింది. తాను కట్టించిన జామియా మసీదుపైకి ఫిరంగులు తిప్పారని విని, దానిని కాపాడుకోవడానికే మసూద్ ఖాన్ కోటను అప్పగించాడని ఊళ్లో నేటికీ చెప్పుకుంటారు. మసీదు నిలిచే ఉన్నది. కోటలోని పుస్తకాలూ చిత్రాలూ నిలవలేదు.

అవి చాలావరకు బికానేరు చేరాయి. మొగలు సేనలో ఉన్న బికానేరు రాజు అనూప్‌సింగు ఆదోని పాలకుడై, 1698లో ఇక్కడే మరణించాడు. విద్యాప్రియుడు, దక్కనులో ఆయన సేకరించిన సంస్కృత గ్రంథాలతో బికానేరులో ఆయన పేరిట ఒక గ్రంథాలయమే ఉన్నది. ఆయన తీసుకుపోకపోతే ఆ చిత్రాలు చెదలపాలయ్యేవేమో. అది కూడా న్యాయంగా చెప్పవలసిన మాట. బికానేరు నుంచి లోకంలోకి వెళ్లిన దక్కనీ చిత్రాలలో కొన్నింటి వెనుక, అవి ఆదోని నుంచి వచ్చినవని రాసి ఉన్నది. ఆదోని పేరు కాగితం వెనుకవైపున ఉన్నది. మ్యూజియం చూపేది ముందువైపును.

ఇక్కడ మదరసాలో చదివినవానికి ఒక ప్రశ్న తప్పక వస్తుంది. కేటలాగుల భాషలో వస్తువు 'సేకరణలోకి వచ్చింది' అంటారు. 'గనీమత్' అనాలా? ఆ మాటకు ఫిఖ్‌హ్‌లో కచ్చితమైన హద్దులు ఉన్నాయి. తిరుగుబాటుదారులని ముద్ర వేసినా సరే, ముస్లిముల ఆస్తిని గనీమత్‌గా పంచుకోరాదన్నది హనఫీ గ్రంథాలలోని మాట. దానిని ఆపి ఉంచి, తిరిగి ఇవ్వవలసి ఉంటుంది. ఫతావా-ఎ-ఆలంగీరీ కూర్పించిన చక్రవర్తి సైన్యమే ఈ పని చేసింది. బిజాపూరు, గోల్కొండలపై యుద్ధం ధర్మసమ్మతం కాదన్న కాజీ షేఖుల్ ఇస్లాం కొలువు వదిలి వెళ్లాడని చరిత్రకారులు రాశారు. ఆ కాలపు మనుషులకే సందేహం కలిగిన చోట, 'వచ్చింది' అనే ఒక్క క్రియతో మనం దాటిపోవడం అనువాదదోషమే.

పేర్లు మార్చుకోవడం మెట్రోపాలిటన్‌కు తెలియనిది కాదు. 2011 నవంబరు 1న తిరిగి తెరిచిన 15 గదులకు 'ఇస్లామీయ కళ' అని కాక, అరబ్బు దేశాలు, టర్కీ, ఇరాన్, మధ్య ఆసియా, ఆనక దక్షిణాసియా అని భూభాగాల పేర్లు పెట్టారు. దానిపై వాదాలు జరిగాయి. భూమి పేరు చెప్పడమే మంచిదని ఒప్పుకుంటే, ఆ మాటను ఊరిదాకా తీసుకురావాలి గదా.

ఇంటి సంగతికి వద్దాం. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం ఒకే మనిషి మోజుతో పుట్టినది. మూడవ సాలార్‌జంగ్ 1949లో మరణించాక, 1951లో దివాన్ దేవిడీలో తెరిచారు; 1961లో పార్లమెంటు చట్టం వచ్చింది; 1968లో మూసీ ఒడ్డున ఉన్న భవనానికి మారింది. (శుక్రవారం సెలవు. ఆదోని నుంచి రాత్రి బండెక్కి, మక్కామసీదులో జుమా చదివి, తలుపులు మూసి ఉన్న మ్యూజియం చూసి తిరిగొచ్చినవారిలో నేనూ ఒకణ్ణి.) అక్కడ ప్రదర్శనలు రూపొందించేవారికి నా విన్నపం ఒక్కటే. సుల్తానుల పేర నాలుగు రాజధానులను చూపడం ఎలాగూ జరుగుతుంది. ఒక్క కోట మీద ఒక్క ప్రదర్శన చేయండి.

కాగితంపై గీసిన చిత్రాలను అరువు తేవడం సులభం కాదని తెలుసు. 50 లక్సుల మసక వెలుగులో, కొన్ని నెలలకు మించకుండా ఉంచి, మళ్లీ చీకటి పెట్టెలో విశ్రాంతి ఇవ్వాలి. బీమా, రవాణా వేరు. కాని వెనుకవైపు రాతకు ఫోటో చాలు. ఫోటోకు బీమా అక్కరలేదు. దానిని ఆదోనికీ తేవచ్చు, ఎమ్మిగనూరుకూ తేవచ్చు. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఆ ఊళ్లో, చిత్రంలోని సుల్తాను నడుముకు చుట్టిన పటకాను చూసి అంచు ఎలా నేశారో చెప్పగలిగిన మగ్గం మనుషులు ఉన్నారు. కేటలాగులో సుల్తాను పేరు ఉంటుంది, చిత్రకారుని పేరు దొరికితే అదీ ఉంటుంది. పటకా సంగతి వారిని అడిగి రాయాలి.

ఆ రాత ఉన్న ప్రతి చిత్రం పక్కన పెట్టడానికి నేనొక చీటీ రాసి ఉంచాను. ఇంతే: 'ఇది ఆదోని కోటలో ఉండేది. 1688లో కోట లొంగిపోయిన తరువాత బికానేరుకు తీసుకుపోయారు. ఆ సంగతి దీని వెనుక రాసి ఉన్నది. పక్క ఫోటోలో చూడండి.'