గర్భసంచి మూతికి ఒక ముడి

అప్పట్లో మద్రాసు నుంచి వెలువడే ‘యాంటిసెప్టిక్’ వైద్య పత్రికలో 1955లో బొంబాయి డాక్టర్ విఠల్ నాగేశ్ శిరోడ్కర్ ఒక కొత్త ఆపరేషన్ గురించి రాశారు. నాలుగో నెల దాటాక వరసగా కడుపు పోగొట్టుకుంటున్న తల్లులను ఆయన చాలామందిని చూశారు. మంచాన పడుకోబెట్టినా, హార్మోన్లు ఇచ్చినా ఫలితం ఉండేది కాదు. అలాంటి కొందరిలో లోపం గర్భసంచి మూతిదేనని ఆయనకు అర్థమైంది. ఆ మూతి ముందే తెరుచుకోకుండా చుట్టూ బిగించడానికి తల్లి తొడ కండరాన్ని కప్పి ఉంచే గట్టి పొర నుంచే సన్నటి పట్టీ తీసి వాడారు. ఆ తర్వాత నేత టేపు వాడకంలోకి వచ్చింది గానీ, ఏ దేశంలోనైనా ప్రసూతి వైద్యులు ఇప్పటికీ దాన్ని ‘శిరోడ్కర్ కుట్టు’ అనే అంటారు. మన దేశపు ఆపరేషన్ థియేటర్లో పుట్టిన పద్ధతి ఇది. మన పాఠ్యపుస్తకాల్లో ఆయనకు చోటు దక్కాలి.

రెండేళ్లకు, 1957లో, ఆస్ట్రేలియా డాక్టర్ ఇయాన్ మెక్‌డొనాల్డ్ ఇంకా సులువైన దారి చూపించారు. శిరోడ్కర్ పద్ధతిలో పైపొరను కోసి, మూత్రాశయాన్ని కాస్త పైకి జరిపి, టేపును లోపలి ద్వారం దగ్గరే పెడతారు. మెక్‌డొనాల్డ్ పద్ధతిలో కోత లేదు. తాడు లాగితే మూతి బిగుసుకునే సంచిలాగా, నాలుగైదు చోట్ల సూది గుచ్చి దారాన్ని చుట్టూ తిప్పి ముడి వేస్తారు. మన ఆసుపత్రుల్లో ‘కుట్టు వేశారు’ అంటే చాలావరకు ఇదే.

నడుముకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చేసే పని, ఎక్కువసేపు పట్టదు. కష్టమంతా సూది ఎంత లోతుకు దిగాలన్న లెక్కలో ఉంది. పైపైన పోతే దారం కోసుకుని జారిపోతుంది. మరీ లోతుకు పోతే ఉమ్మనీటి సంచికి తగలవచ్చు. పైన మూత్రాశయం, కింద పెద్దపేగు రెండూ దగ్గరే ఉంటాయి. ముడిని సాధారణంగా ముందువైపు, గడియారంలో పన్నెండు ఉండే చోట వేసి, దారం కొసలు కొంచెం పొడుగ్గా వదులుతారు. అయిదారు నెలల తర్వాత ఆ కుట్టు విప్పేది మరో డాక్టర్ కావచ్చు. వాపెక్కిన ఆ మూతిలో ముడి ఆ చేతికి సులువుగా దొరకాలి. ఎప్పుడూ చూడబోని ఇంకో డాక్టర్ కోసం వదిలిన ఆ కాస్త దారంలోనే ఈ పనితనం కనిపిస్తుంది.

అయితే సూది పట్టడం కన్నా, ఎవరికి కుట్టు వేయాలో తేల్చడం కష్టం. బ్రిటన్ పరిశోధకులు పలు దేశాల్లో 1,292 మంది గర్భిణులపై చేసిన అధ్యయనం 1993లో అచ్చయింది. వీళ్లంతా కుట్టు అవసరమా కాదా అని డాక్టర్లే సందేహించిన తల్లులు. 33 వారాలు నిండకముందే కాన్పు అయినవారు కుట్టు వేసిన వారిలో 13 శాతం, వేయనివారిలో 17 శాతం. అంటే ఇరవై అయిదుగురికి వేస్తే ఒకరికి మేలు. అంతకుముందు మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు నెలలు నిండకముందే గర్భం పోయిన లేదా కాన్పు అయిన వారిలో మాత్రం లెక్క మారింది. కుట్టుతో 15 శాతం, లేకుండా 32 శాతం. కుట్టు వేసిన వారిలో కాన్పు తర్వాత జ్వరాలు ఎక్కువగా కనిపించాయి. కాబట్టి ‘ఎందుకైనా మంచిది, ఒక కుట్టు వేసేద్దాం’ అనే మాట సరైంది కాదు.

స్కాన్ వచ్చాక నిర్ణయం కాస్త తేలికైంది. యోనిమార్గం ద్వారా చేసే స్కాన్‌లో మూతి పొడవు మిల్లీమీటర్లలో తెలుస్తుంది. 24 వారాల లోపు అది 25 మిల్లీమీటర్లకు తగ్గితే పొట్టిదైనట్టు. అంతకుముందు నెలలు నిండని కాన్పు అయిన తల్లిలో ఇలా కనబడితే కుట్టు ఆలోచిస్తారు. అలాంటి గతం లేకుండా మూతి మాత్రమే పొట్టిగా ఉంటే, చాలామందికి మొదట ఇచ్చేది యోనిలో పెట్టుకునే ప్రొజెస్టిరాన్ మందు. కవలలున్నప్పుడు మూతి పొట్టిగా ఉందన్న ఒక్క కారణంతో కుట్టు వేయడం మేలు చేస్తుందని తేలలేదు. కింది నుంచి వేసిన కుట్టు నిలవని వారికి పొట్టవైపు నుంచి, ఇంకా పైన వేసే కుట్టు ఉంది. దాని తర్వాత కాన్పు సిజేరియనే.

నొప్పులు మొదలైనా, ఉమ్మనీరు పోయినా, గర్భసంచిలో ఇన్ఫెక్షన్ ఉన్నా కుట్టు వేయకూడదు.

మన ఇళ్లలో కుట్టు అనగానే మంచం గుర్తొస్తుంది. మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి నెలల తరబడి కోడలిని పడుకోబెట్టిన అత్తగార్లున్నారు. అదంతా ప్రేమే. కానీ అలా కదలకుండా పడుకుంటే కాన్పు వాయిదా పడుతుందని ఏ పరిశోధనా చూపించలేదు. పైగా కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. డాక్టర్ ప్రత్యేకంగా వద్దంటే తప్ప, ఇంట్లో మామూలుగా తిరగనివ్వాలి.

“పోయినసారి నొప్పులొచ్చి పోయిందామ్మా, నొప్పి లేకుండానే జారిపోయిందా?” డాక్టర్ అడిగే ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు మీద చాలా ఆధారపడి ఉంటుంది. పెద్దగా నొప్పి లేకుండా ఐదో నెలలో బిడ్డ పోవడం మూతి బలహీనతకు ముఖ్యమైన సూచన. అలాంటివారికి కుట్టు అవసరమని తేలితే వేయాల్సింది మళ్లీ ఐదో నెల వచ్చాక కాదు, సాధారణంగా 12 నుంచి 14 వారాల మధ్య. పోయిన కాన్పు ఊసెత్తడం అశుభమని మొదటి చెకప్‌లో నోరు మెదపని తల్లి ఆ వారాలను పోగొట్టుకుంటుంది.

ఇంకో సంగతి మన ఆచారంతో ముడిపడింది. కుట్టు వేసింది అత్తవారి ఊళ్లో, కాన్పు పుట్టింట్లో. కుట్టును మామూలుగా 36, 37 వారాలకు విప్పేస్తారు. అది తీయకముందే నొప్పులు మొదలైతే వెంటనే కత్తిరించాలి, లేకపోతే గర్భసంచి మూతి చిరిగిపోవచ్చు. కొత్త ఆసుపత్రిలో ఎవరికీ తెలియకపోతే ఎవరు కత్తిరిస్తారు? అందుకే కుట్టు వేయించుకున్న ప్రతి అమ్మాయి తన మాతా శిశు సంరక్షణ (ఎంసీపీ) కార్డు మీద, ఏ తేదీన వేశారో, ఏ వారంలో విప్పాలో డాక్టర్ చేత పెద్ద అక్షరాలతో రాయించుకోవాలి. పుట్టింటికి బయల్దేరేటప్పుడు చీరలకన్నా ముందు ఆ కార్డు సంచిలో పెట్టుకోండి. ఆశా కార్యకర్తకూ, తోడొచ్చే అమ్మకూ ఆ మాట నోటితో కూడా చెప్పండి.