ఆముదం గింజంత గోమారి

రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి చూడటానికి అచ్చం ఆముదం గింజే. నున్నగా, బూడిదరంగులో, ఒక కొసన సూది మొనంత తల. ఈ పోలిక తెలుగువాళ్ల కంటికే తట్టిందేమీ కాదు. లాటిన్‌లో రిసినస్ అంటే గోమారి. గింజ ఆ పురుగును తలపిస్తుందనే ఆముదం మొక్కకు శాస్త్రంలో రిసినస్ అన్న పేరు స్థిరపడింది. గింజలాంటి ఈ గోమారి పశువు మీద నుంచి రాలి, గోడ బీటలోకో గుంజ మొదట్లో మట్టిలోకో చేరి, రెండు మూడు వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. పెరట్లో గోమార్ల పని పట్టడమంటే ముందు ఆ బీటను వెతకడం. కషాయాల సంగతి ఆ తర్వాత.

గోమారి అన్నా పిడుదు అన్నా ఒకటే. పురుగు అనడం వాడుకే గాని, ఇది సాలీడు, తేలు కుదురుకు చెందిన జీవి. ఎదిగినదానికి ఎనిమిది కాళ్లు, గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లకు ఆరే. తెలుగు ఇళ్ల పెరళ్లలో ముఖ్యంగా కనిపించేవి రెండు రకాలు. పశువుల గోమారి పిల్లగా ఎక్కిన పశువు మీదే సుమారు మూడు వారాలుండి, పెద్దదై, కడుపు నింపుకొని గుడ్లు పెట్టడానికి మాత్రం నేలకు దిగుతుంది. కుక్క గోమారి దారి వేరు. పిల్లగా ఒకసారి, నడిమి దశలో ఒకసారి, ఎదిగాక ఒకసారి కుక్కను పట్టి, తాగినప్పుడల్లా దిగిపోతుంది. దిగినది నేల మీద కూర్చోదు, గోడ ఎక్కుతుంది. కుక్క పడుకునే మూలకు పైన, తలుపు చట్రం వెనక, పెచ్చులూడిన సున్నం కింద దాక్కుని తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది. కుక్కకు స్నానం చేయించి, మందు రాసి, పీడ పోయిందనుకున్న ఇంట్లో నెల తిరక్కముందే మళ్లీ గోమార్లు కనిపించడానికి కారణం ఇదే. కుక్క మీద ఉన్నవి కొన్నే, తక్కినవన్నీ గోడలో ఉన్నాయి.

వీటివల్ల పోయేది రక్తం ఒక్కటే కాదు. పశువు ఎర్రగా మూత్రం పోసే బేబీసియా జబ్బు, పాడిని దెబ్బతీసే థైలీరియా జ్వరం, కుక్కల్లో ఎర్లీకియా గోమారి కాటుతోనే వస్తాయి. మనిషికీ ముప్పుంది. కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో 1957లో బయటపడిన క్యాసనూరు అడవి జబ్బు అడవి గోమార్ల ద్వారా సోకేదే. ఏ గోమారినైనా గోళ్ల మధ్య చిదమకూడదు. పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా నిటారుగా లాగి, సబ్బునీళ్ల డబ్బాలో వేయడం మేలు.

గోమారికి నీడ, తడి, సందు కావాలి. ఎండ తగిలే ఊడ్చిన వాకిలి దానికి గిట్టదు. కాబట్టి చీపురు, పార, సున్నం బకెట్టు ఏ కషాయానికైనా ముందు రావాలి. దొడ్డి గోడ బీటలను మట్టితోనో సిమెంటుతోనో పూడ్చి, సున్నం కొట్టి, గుంజల చుట్టూ జానెడు లోతున మట్టి తవ్వి ఎండబెట్టాలి. ప్రహరీ పక్క గడ్డి కోయాలి. పాత గోనెసంచులు, కుక్క పడుకునే పాత గుడ్డ తగలబెడితే సగం బెడద వాటితోనే పోతుంది. పెరట్లో కోళ్లుంటే పడుకున్న గేదె పొదుగు దగ్గర గోమార్లను ఏరుకు తినడం కనిపిస్తుంది. వాటి సాయం తక్కువేమీ కాదు.

సైపర్‌మెథ్రిన్, డెల్టామెథ్రిన్ లాంటి మందులకు పశువుల గోమార్లు చాలాచోట్ల అలవాటు పడిపోయాయి. మొక్కల మందుల వైపు చూపు మళ్లడానికి ఇదొక కారణం. వీటిలో పెద్దపీట వేపదే. అయితే వేపాకు ఉడికించి చల్లే అలవాటుకు ఉన్నంత పేరు దాని పనికి లేదు. పురుగును దెబ్బతీసే అజాడిరక్టిన్ ఆకులో కన్నా గింజ పప్పులో ఎన్నో రెట్లు ఎక్కువ. పొలంలో రైతులు వాడే 5 శాతం కషాయం కొలతే పెరటికీ సరిపోతుంది. లీటరు నీటికి 50 గ్రాముల పప్పు చాలు. నీడన ఆరబెట్టిన గింజల పొట్టు తీసి, పప్పును మెత్తగా కాకుండా రవ్వలా దంచి, పలుచని గుడ్డలో మూటగట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. తెల్లారి ఆ మూటను మళ్లీ మళ్లీ పిండితే నీళ్లు పలచని పాలలా తెల్లబడతాయి. తెల్లదనం రాలేదంటే గింజ పాతదో, దంచడం చాలలేదో. కాస్త సబ్బు కలిపితే ద్రవం గోడకు పట్టుకుంటుంది, బీటలోకి దిగుతుంది. అదే రోజు వాడేయాలి.

అజాడిరక్టిన్‌కు ఎండ పడదు, రెండు మూడు రోజుల్లోనే పస పోతుంది. అందుకే సాయంత్రం పిచికారీ చేయాలి. పంపు నాజిల్‌ను బీటకు ఆనించి కొట్టాలి గాని గాలిలోకి మంచులా చల్లితే ఫలితం సున్నా. పైగా వేప తగలగానే చంపే మందు కాదు. తిండి మాన్పిస్తుంది, పొర విడిచి పెరగడాన్ని చెడగొడుతుంది. చల్లిన మర్నాడు గోడ మీద పాకుతున్న గోమారిని చూసి మందు పనిచేయలేదని పారబోసేవారే ఎక్కువ.

గింజ దొరకనప్పుడు వేపనూనె వాడవచ్చు. లీటరు నీటికి 5 నుంచి 10 మిల్లీలీటర్లు. నూనెను నేరుగా నీళ్లలో పోస్తే పైన తేలిపోతుంది. ముందు గోరువెచ్చని సబ్బునీళ్లలో చిలికి, విరగకుండా తెల్లగా కలిశాక తక్కిన నీళ్లు పోయాలి. చెరిసగం కానుగ నూనె కలిపేవారూ ఉన్నారు. జాతీయ పాడి అభివృద్ధి బోర్డు ప్రచారంలోకి తెచ్చిన సంప్రదాయ వైద్యంలో వెల్లుల్లి, వేపాకు, వేపకాయ, వస, పసుపు, లాంటానా ఆకు, తులసి నూరి, నీళ్లు కలిపి వడగట్టిన మందు ఉంది. దాన్ని పశువుకు పట్టించడంతో పాటు కొట్టం బీటల్లోనూ చల్లమని, గోమార్లు పోయేదాకా వారానికోసారి మళ్లీ చేయమని చెప్పడమే ఆ సలహాలో అసలు విలువ.

మొక్కనుంచి వచ్చింది గనుక హాని లేదనుకోవడం మాత్రం ప్రమాదం. పొగాకు కషాయంలోని నికోటిన్ చర్మంలోంచే ఒంట్లోకి ఎక్కుతుంది. తడి పొగాకు తెంపే కూలీలకు తల తిరిగి వాంతులయ్యేది దానివల్లే. ఇంటి పెరట్లో ఆ కషాయం జోలికి పోకపోవడమే మంచిది. సీతాఫలం గింజల పొడికి గోమార్లను చంపే శక్తి ఉంది, కంటి నల్లగుడ్డును కాల్చే గుణమూ ఉంది. పిల్లలు తిరిగే చోట వద్దు. టీ ట్రీ నూనె, నీలగిరి తైలం లాంటివి పిల్లులకు విషంతో సమానం. వేపనూనె నీళ్లు చేపల తొట్టిలోకో చెరువులోకో పోకూడదు.

అమెరికాలో పెరడున్న తెలుగు కుటుంబాలకు ఎదురయ్యే గోమారి వేరు. అక్కడి ఈశాన్య రాష్ట్రాల్లో లైమ్ జ్వరం తెచ్చే నల్లకాళ్ల గోమారి గోడ బీటలో కాదు, చెట్ల అంచున రాలిన ఆకుల తడిలో ఉంటుంది. అక్కడ దేవదారు, రోజ్‌మేరీ నూనెల స్ప్రేలు చాలావాటికి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ అవసరం లేదు. అంటే పనిచేస్తాయని ముందుగా నిరూపించకుండానే దుకాణంలోకి వస్తాయి. గ్రేప్‌ఫ్రూట్‌లో, అలాస్కా దేవదారులో ఉండే నూట్‌కటోన్‌కు మాత్రం 2020లో రిజిస్ట్రేషన్ దక్కింది. సీసా మీద ఆకు బొమ్మను కాక, ఏ పదార్థం ఎంత శాతం ఉందో చూసి కొనాలి.

ఇక మిగిలింది లెక్క. వేడి రోజుల్లో గుడ్డు పిల్ల కావడానికి మూడు వారాలు అటూ ఇటూ పడుతుంది. గుడ్ల మీద కషాయం ఏపాటి పనిచేస్తుందో భరోసా లేదు కాబట్టి, పిల్లలు బయటికి వచ్చే రోజుల్లో బీటలో మందు ఉండాలి. వారానికోసారి చొప్పున ఎనిమిది వారాలు వదలకుండా కొడితేనే ఒక తరం మొత్తం తెగుతుంది. రెండుసార్లు కొట్టి ఆపితే కొట్టనట్టే లెక్క. కుక్కకు, పశువుకు పశువైద్యుడు చెప్పిన మందు ఆ ఎనిమిది వారాలూ పక్కనే సాగాలి. జ్వరం వచ్చిన జంతువుకు ఏ కషాయమూ వైద్యం కాదు.

వేప పళ్లు జూన్, జులై నెలల్లో రాలతాయి. ఎత్తిన గింజ పది నెలలు దాటితే పస తగ్గుతుంది. అటక మీది పాత సంచి పారేసి, ఈ ఏడు రాలినవి ఏరి నీడన ఆరబోయండి.