ఇంజను పరుగు, చక్రం నడక

పాత వాహనాన్ని దూరప్రయాణానికి తీసుకువెళ్లేవారికి కావలసిన విద్యల్లో మొదటిది, ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో, అందులో చక్రానికి ఎంత అందుతోందో వేరువేరుగా గ్రహించగలగడం. ఈ రెండింటి మధ్య పొత్తు చెడినప్పుడు తిరగలి తిరుగుతూనే ఉంటుంది గానీ పిండి రాలదు. బస్సు చాసీ మీదనో వ్యాను చాసీ మీదనో పడక, వంటగట్టు, స్నానపు గది అమర్చి తయారుచేసే ఇంటిబండిని హైదరాబాద్ సినిమా లోకం క్యారవాన్ అంటుంది. అటువంటి బండి వయసు మళ్లాక ఈ విద్య అవసరం రెట్టింపవుతుంది, ఎందుకంటే దాని బరువు ఏనాడూ దిగదు. సరుకుల లారీ ఖాళీగా తిరిగివస్తుంది గానీ ఇల్లు ఇంటిని దింపి రాలేదు.

ఈ విద్యకు పరీక్షాస్థలంగా శంషాబాద్ పరిసరాలను మించిన చోటు తెలుగునాట అరుదు. 2008 మార్చిలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ఇక్కడ మొదలైంది. 2009లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే తెరుచుకుంది. బెంగళూరు వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి, నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఇక్కడే కలుస్తాయి. ఔటర్‌పై 2023లో గరిష్ఠ వేగాన్ని గంటకు 120 కిలోమీటర్లకు పెంచారు. ఊళ్ల మధ్య ఆగుతూ సాగుతూ తిరగడానికి పుట్టిన పాత బండి, ఒక్కసారి కూడా ఆగకుండా గంటసేపు ఒకే గేరులో పోవలసిన పరిస్థితి ఈ రోడ్లతోనే వచ్చింది.

తెలుగువారి జ్ఞాపకంలో అన్నిటికన్నా ప్రసిద్ధమైన ఇంటిబండి చైతన్య రథం. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించిన ఎన్.టి. రామారావు, పాత షెవర్లే వ్యానును ప్రచారానికి అనువుగా మార్పించి, కుమారుడు హరికృష్ణ నడుపుతుండగా రాష్ట్రమంతా తిరిగారు. అటువంటి బండికి జనం పెట్టే పరీక్ష ఔటర్ పెట్టే పరీక్షకు సరిగ్గా తలకిందులు. జనం మధ్య నడక వేగంతో సాగే వాహనంలో డ్రైవరు క్లచ్ పెడలును సగం తొక్కి ఉంచక తప్పదు. మెకానిక్కులు హాఫ్ క్లచ్ అనే ఈ అలవాటులో క్లచ్ ప్లేటు కావాలనే జారుతుంది, జారిన ప్రతిసారీ కొంత అరుగుతుంది. జనంలో అరిగిన ప్లేటు ఆ అరుగుదలను బయటపెట్టేది మాత్రం ఖాళీ రహదారి మీద.

ఇంజను వేగాన్ని లెక్కగట్టడం కష్టమేమీ కాదు. చక్రం ఒక చుట్టు తిరిగితే 2.2 మీటర్లు ముందుకు పోయే వ్యానును ఊహించుకుంటే, గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం నిమిషానికి సుమారు 606 చుట్లు తిరగాలి. వెనుక ఇరుసులో క్రౌన్, పినియన్ అనే పళ్లచక్రాల జంట నిష్పత్తి 4.5 అయితే, టాప్ గేరు నేరుగా ఒకటికి ఒకటిగా ఉన్నప్పుడు ఇంజను 2,727 చుట్లు తిరుగుతుంది; 100 కిలోమీటర్ల వేగంలో ఆ సంఖ్య 3,409కి చేరుతుంది. ఇంజను కన్నా షాఫ్టును వేగంగా తిప్పే అదనపు గేరును ఓవర్‌డ్రైవ్ అంటారు; అది లేని పాత బండ్లు రహదారిపై హోరెత్తడం వాటి జబ్బు కాదు, పుట్టుక. అమెరికాలో 1973 నుంచి 1978 వరకు తయారైన జీఎంసీ మోటార్‌హోమ్‌లో కూడా ఉన్నది మూడు గేర్ల ఆటోమేటిక్ పెట్టే, దానికీ ఓవర్‌డ్రైవ్ లేదు. కాబట్టి మోత వినగానే పెట్టె పోయిందని కంగారుపడే యజమాని ముందుగా చేయవలసింది ఈ గుణకారమే.

లెక్క 2,727 అంటుండగా చుట్ల మీటరు ముల్లు 3,000 చూపితే, ఆ తేడాకు సంజాయిషీ ఎక్కడుందో వెతకాలి. ఆటోమేటిక్ పెట్టెల్లో ఇంజను శక్తి నూనె ద్వారా చేరుతుంది. ఒక పంకా నూనెను విసిరితే ఎదుటి పంకా ఆ వేగాన్ని అందుకుని తిరిగే ఈ ఏర్పాటును టార్క్ కన్వర్టర్ అంటారు. విసిరిన వేగమంతా ఎదుటిదానికి అందదు కనుక అందులో కొంత జారుడు సహజం. ఆ వృథాను తగ్గించడానికి రెండు పంకాలనూ బిగించి పట్టే లాకప్ క్లచ్‌ను క్రైస్లర్ సంస్థ 1978 మోడళ్ల నుంచి విస్తృతంగా వాడింది. అంతకు ముందరి బండ్లలో చాలావాటికి అది లేదు. మన వ్యాన్లలో, బస్సుల్లో ఉండే చేతి గేర్ల పెట్టె సంగతి వేరు. అక్కడ ఇంజనుతో తిరిగే ఫ్లైవీలుకు, రాపిడి పూత ఉన్న క్లచ్ ప్లేటును ప్రెషర్ ప్లేటు స్ప్రింగుల బలంతో అదిమి పడుతుంది. పెడలు మీద కాలు లేనప్పుడు జారుడు ఉండకూడదు, రవంత ఉన్నా అది రోగమే.

అయితే ఎక్కువ చుట్లు కనబడిన ప్రతిచోటా జారుడే ఉందనుకోవడం పొరపాటు. కంపెనీ చెప్పినదానికన్నా చిన్న టైరు వేసినా, ఇరుసును వేరే నిష్పత్తిది మార్చినా, ఫోనులో కనిపించే అసలు వేగంతో పోల్చినప్పుడు ఇంజను ఎక్కువగానే తిరుగుతుంది. పాత బండ్లలో స్పీడోమీటరు తీగ సాధారణంగా గేరుపెట్టె వెనుక షాఫ్టు నుంచి వస్తుంది, చుట్ల మీటరు ఇంజను నుంచి కొలుస్తుంది; క్లచ్ ఈ రెండింటి నడుమ ఉంది గనుక, ఒకే గేరులో ఆ రెండు ముళ్ల నిష్పత్తి చెదిరితే అనుమానించవలసినది క్లచ్‌నే, టైరును కాదు. ఇంకా సులువైన సూత్రం మరొకటి ఉంది. మారకుండా నిలిచే తేడా కొలతలది. బరువును బట్టి, ఎత్తును బట్టి పెరిగి తరిగే తేడా జారుడుది. ఆరాంఘర్ వైపు ఎక్స్‌ప్రెస్‌వే ర్యాంపు ఎక్కుతూ టాప్ గేరులో యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఇంజను గొంతు ఎగసి, బండి మాత్రం అదే నడకలో ఉంటే, ఇక మీటరుతో పని లేదు. ‘రేసు పెరుగుతోంది గానీ బండి గుంజడం లేదు’ అని డ్రైవరు చెప్పే ఒక్క మాటే మెకానిక్కుకు సగం తీర్పు.

ఈ లోపం నగరంలో దాగి రహదారిపై బయటపడడానికి కారణం ఉంది. చిన్న గేర్లలో గేరుపెట్టె బలాన్ని హెచ్చించి చక్రానికి పంపుతుంది కనుక బండి చప్పున కదిలిపోయి ప్లేటు మీద ఒత్తిడి త్వరగా తీరిపోతుంది; టాప్ గేరులో ఆ హెచ్చింపు లేదు గనుక రోడ్డు, గాలి, ఎత్తు కలిసి చూపే ప్రతిఘటనంతా ప్లేటే మోయాలి. గాలి అడ్డు వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 80 నుంచి 100కు పోతే అడ్డు ఒకటిన్నర రెట్లకు పైగా, దాన్ని ఛేదించడానికి కావలసిన శక్తి దాదాపు రెండింతలు అవుతాయి. నిలువెత్తు పెట్టెలా ఉండే క్యారవాన్‌కు ఈ లెక్క మరీ నిర్దయగా వర్తిస్తుంది. ఇంజను 40 కిలోవాట్లు ఇస్తుండగా 2,727కు బదులు 3,000 చూపినంత జారుడు ఉంటే, 3.6 కిలోవాట్లు, అంటే మూడు నాలుగు ఇస్త్రీపెట్టెల వేడి, ప్లేటు దగ్గరే పుడుతుంది. ఆ వేడికి పూత గాజులా నునుపెక్కి మరింత జారుతుంది, మరింత జారి మరింత వేడెక్కుతుంది. కాలిన వాసన టోల్ గేటు దగ్గర బండి ఆగాకగానీ డ్రైవరు ముక్కుకు తగలదు.

మంచి మెకానిక్కు పెట్టెను దింపకముందే నాలుగు సంగతులు చూస్తాడు: పెడలుకు పైన కొంత ఖాళీ ఆట ఉందా, ఇంజను వెనుక సీలు నుంచి నూనె కారి ప్లేటును తడిపిందా, ప్రెషర్ ప్లేటు స్ప్రింగులు నీరసించాయా, డ్రైవరుకు పెడలు మీద కాలు ఆన్చి నడిపే అలవాటుందా. చివరిదానికి విడిభాగం ఏ దుకాణంలోనూ దొరకదు. సీలు మార్చకుండా ప్లేటు ఒక్కటే మార్చడం కారే కప్పు కింద కొత్త చాప పరచడం వంటిది.

విమానాశ్రయం దారిలో 2019 నుంచి ఆర్టీసీ విద్యుత్ బస్సులు తిరుగుతున్నాయి. వాటికి క్లచ్ లేదు, కనుక దాని జారుడూ లేదు, ఇంజను గొంతు విని రోగం పట్టే చెవి అవసరమూ లేదు. ఆ చెవి తగ్గిపోతున్న కాలంలో పాత బండి ఉంచుకున్నవారికి మిగిలే ఆధారం రాత. క్లచ్ కొత్తగా ఉన్నప్పుడే, చదును రోడ్డు మీద 60 దగ్గర ఎన్ని చుట్లు, 80 దగ్గర ఎన్ని చుట్లు అన్నది చూసి, ఆ రెండు అంకెలను ఒక చీటీ మీద రాసి డ్రైవరు కళ్లెదుట అంటించుకోవాలి. జారడం మొదలయ్యాక రాసే అంకెకు విలువ తక్కువ, ఎందుకంటే అప్పటికి పోల్చుకోవడానికి ఆరోగ్యంగా ఉన్న నాటి అంకె ఏదీ మిగిలి ఉండదు.