జేమ్స్ క్రికెట్ విమర్శ

ఆటల మీద రాసే పత్రికా రచయితను మనం విమర్శకుడుగా లెక్కించం. స్కోరు చెప్పేవాడుగానే లెక్కిస్తాం. అభ్యుదయవాదులమైతే ఇంకొక అడుగు ముందుకు వేసి, క్రికెట్ అంటే దొరలకూ జమీందార్లకూ పొద్దుపోక పుట్టిన కాలక్షేపమనీ, కష్టజీవులను రాజకీయాల నుంచి మళ్లించే మత్తుమందనీ తీసిపారేస్తాం. ట్రాట్‌స్కీ కూడా ఆటల గురించి ఇంచుమించు ఇదే అన్నాడు. చాలా ఏళ్లు ట్రాట్‌స్కీ అనుచరుడుగా పనిచేసిన సి. ఎల్. ఆర్. జేమ్స్ మాత్రం ఈ మాట ఒప్పుకోలేదు. ఆయన రాజకీయ శాఖతో మనలో చాలామందికి పేచీ ఉంటుంది, నాకూ ఉంది. కాని ఆ పేచీ మూలాన ఆయన క్రికెట్ రచనలను చదవకుండా వదిలేస్తే నష్టం మనదే.

జేమ్స్ 1901లో ట్రినిడాడ్‌లో ఒక నల్లజాతి బడిపంతులు ఇంట పుట్టాడు. టునపునాలో వాళ్ల ఇంటి కిటికీలోంచి చూస్తే ఎదుట క్రికెట్ మైదానం. పిల్లవాడు కుర్చీ మీద నిలబడి ఆట చూసేవాడు, దిగి పుస్తకాలు చదివేవాడు. థాకరే 'వానిటీ ఫెయిర్' ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. ఈ రెండు అలవాట్లూ ఆయనలో చివరిదాకా విడిపోలేదు. తర్వాత పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో తాను చదివిన క్వీన్స్ రాయల్ కాలేజీలోనే పాఠాలు చెబుతూ క్లబ్బు క్రికెట్ ఆడాడు. ఆ క్లబ్బుల గురించి ఆయన రాసింది చదివితే, మన పల్లెలో ఏ వాడ ఏ దిక్కున ఉందో చెప్పినట్టే ఉంటుంది. క్వీన్స్ పార్క్ తెల్లవాళ్లదీ, ధనికులదీ. మేపుల్ చామనచాయ మధ్యతరగతిది. షానన్ నల్లని పంతుళ్లదీ, గుమాస్తాలదీ. స్టింగో వాళ్లందరికంటె కింద ఉన్న శ్రమజీవులది. నల్లనివాడైన జేమ్స్ చదువు బలంతో మేపుల్‌లో చేరాడు, షానన్‌లో చేరలేదు. ఆ ఎంపిక తన రాజకీయ పరిణతిని ఏళ్ల తరబడి వెనక్కి నెట్టిందని తర్వాత తానే రాసుకొన్నాడు. ఏ క్లబ్బులో ఆడాడన్నది రాజకీయ ప్రశ్న అని గుర్తించిన క్రికెట్ రచయితను మరొకణ్ని నేను చదవలేదు.

1932లో ఇంగ్లండు వెళ్లి, లాంకషైర్‌లోని నెల్సన్‌లో లీరీ కాన్‌స్టంటైన్ ఇంట ఉన్నాడు. కాన్‌స్టంటైన్ ఆ నూలుమిల్లుల పట్టణపు క్లబ్బుకు 1929 నుంచి జీతం మీద ఆడుతున్నాడు. అరవయ్యేళ్లకు దగ్గరపడిన బౌలర్ సిడ్నీ బార్న్స్ మీద జేమ్స్ రాసిన వ్యాసం నెవిల్ కార్డస్‌కు నచ్చింది; 'మాంచెస్టర్ గార్డియన్'లో క్రికెట్ విలేఖరి పని దొరికింది. మిగతా వేళల్లో వలసపాలన పోవాలని సభల్లో ఉపన్యాసాలు. 1938లో, హైతీ బానిసల విప్లవం మీద 'బ్లాక్ జాకబిన్స్' వెలువరించిందీ ఈ విలేఖరే. ఆ ఏడే అమెరికా వెళ్లి పదిహేనేళ్లు క్రికెట్‌కు దూరమయ్యాడు.

ఆయన కలం నిజంగా పనిచేసింది 1958లో స్వదేశానికి తిరిగివచ్చి 'నేషన్' పత్రిక సంపాదకుడైన తర్వాత. అప్పటికి వెస్టిండీస్ జట్టుకు సిరీస్ మొత్తానికి నల్లనివాణ్ని కెప్టెన్‌గా నియమించిన పాపాన పోలేదు. 1948లో జార్జ్ హెడ్లీకి ఒక్క టెస్టు దక్కింది, అంతే. పరుగులు తీసే చేతులు నల్లవి. టాస్ వేసే చెయ్యి తెల్లదో, తెలుపుకు దగ్గరదో. జేమ్స్ పట్టువిడవకుండా ఫ్రాంక్ వరెల్ కోసం రాశాడు. 1960 జనవరిలో ఇంగ్లండుతో టెస్టు జరుగుతుండగా పోర్ట్ ఆఫ్ స్పెయిన్ జనం సీసాలు విసిరారు. జేమ్స్ దాన్ని ఉత్త అల్లరిగా కొట్టిపారెయ్యలేదు. పెత్తందార్ల మీద పేరుకొన్న అపనమ్మకం అందులో చూశాడు. ఆ ఏడే వరెల్ కెప్టెన్ అయ్యాడు. బ్రిస్బేన్‌లో టెస్టుల చరిత్రలో మొట్టమొదటి టై అయింది. సిరీస్ 2-1తో ఓడిపోయినా, 1961లో మెల్‌బోర్న్ జనం వీధుల్లో బారులు తీరి ఆ జట్టుకు వీడ్కోలు చెప్పారు.

1963లో వచ్చిన 'బియాండ్ ఎ బౌండరీ'లో ఈ అనుభవమంతా ఉంది. అందులో క్రికెట్ కూడా కళేనని నిరూపించడానికి నాటకాన్నీ, చిత్రకళా విమర్శనూ సాక్ష్యానికి పిలిచిన అధ్యాయాన్ని పండితులు మెచ్చుకొంటారు. నా మటుకు అది బలహీనమైన భాగం. పెద్ద కళల దగ్గర యోగ్యతాపత్రం తెచ్చుకోవలసిన అవసరం ఈ ఆటకు లేదు. విల్టన్ సెయింట్ హిల్ మీద రాసిన అధ్యాయం ఆ పని తనంతట తానే చేసింది. అతడు దుకాణంలో గుమాస్తా, షానన్ ఆటగాడు. 1923లో ఇంగ్లండు వెళ్లిన జట్టులోకి తీసుకోలేదు. 1928లో తీసుకొన్నారు, విఫలమయ్యాడు. అంకెలు చూసే చరిత్రకారుడికి అతడు కనిపించడు. జేమ్స్‌కు మాత్రం, ఆ బ్యాటు ఆడిస్తున్నప్పుడు నోరులేని జనం ఏం చూసుకొన్నారో కనిపించింది.

ఇదంతా ఎక్కడో దీవుల గొడవ అనుకోనక్కరలేదు. జేమ్స్ ఇంగ్లండులో అడుగుపెట్టిన 1932లోనే భారత జట్టు లార్డ్స్‌లో మొదటి టెస్టు ఆడింది. పర్యటనకు నాయకుడు పోర్‌బందర్ మహారాజు. ఆయన తప్పుకోగా, నాగపూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలోని సి. కె. నాయుడు టెస్టు నడిపాడు. 1936లో అదే నాయుడు విజయనగరం రాజకుమారుడి కింద ఆడవలసి వచ్చింది. ఆ నాయకుడు మూడు టెస్టుల్లో చేసినవి 33 పరుగులు. అక్కడ చర్మపు రంగు చేసిన పని ఇక్కడ జమీందారీల, సంస్థానాల సొమ్ము చేసింది. ఇద్దరూ మన తెలుగువాళ్లేనని గర్వించి ఊరుకొనేవాళ్లను చూస్తే నాకు జాలి కలుగుతుంది.

అయితే జేమ్స్‌లో నాకు మింగుడుపడనిది ఒకటుంది. అమెరికాలో 1951 ప్రాంతాన కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు లంచాలు తిన్న సంగతి బయటపడింది. అక్కడి కుర్ర విప్లవకారులు దాన్ని తేలిగ్గా తీసుకొన్నారని ఆయన నిర్ఘాంతపోయాడు. మైదానంలో మోసం చెయ్యరాదన్న నీతి తనకు ఆంగ్ల బడి నుంచి వచ్చిందని చెప్పి, థామస్ ఆర్నల్డ్ నుంచి డబ్ల్యు. జి. గ్రేస్ దాకా దాని వంశవృక్షం గీశాడు. నీతి మంచిదే, కాదనను. కాని ఆ నీతినే వల్లించే పెద్దమనుషుల పాలనలో, వరెల్ మొదటి టెస్టు ఆడిన 1948 నుంచి పన్నెండేళ్లు కెప్టెన్సీకి వెలిగానే ఉన్నాడు. అంపైరు మాటకు ఎదురాడరాదని నేర్చుకొన్న జేమ్సే, కెప్టెన్లను నియమించేవారికి అచ్చులో ఎదురాడాడు. ఈ రెంటికీ పొత్తు ఎక్కడ కుదిరిందో ఆ పుస్తకంలో ఆయన తేల్చినట్టు నాకు కనిపించలేదు.